మోటారు కొత్తదే, పరుగే తగ్గింది: ఔట్‌బోర్డ్ మార్చాక పడవ వేగం రాబట్టడం

పడవ వెనక బయట బిగించే ఔట్‌బోర్డ్ మోటార్లలో పాత టూస్ట్రోక్ దించేసి కొత్త ఫోర్‌స్ట్రోక్ ఎక్కించిన వాళ్ల నోట మొదట వినపడే మాట దాదాపు ఒక్కటే. చప్పుడు తగ్గింది, పెట్రోలు కలిసొస్తోంది, కానీ పడవ మునుపటంత పరిగెత్తడం లేదు. రెండు మోటార్ల మీదా 40 హెచ్‌పీ అనే రాసుంటుంది. దాంతో కొత్త మోటారులోనే లోపం ఉందని తేల్చేసి ప్లగ్గులు విప్పడం, కార్బురేటర్లు కడగడం మొదలుపెడతారు. చాలాసార్లు మోటారు నిక్షేపంగా ఉంటుంది. పాత మోటారుకు కుదిరిన ప్రొపెల్లర్, పాత మోటారు కూర్చున్న ఎత్తు, పాత కేబుళ్లు, పాత మీటరు అన్నీ అలాగే ఉంచి ఇంజను ఒక్కదాన్నే మార్చారు కాబట్టి, అది తిరగాల్సినన్ని చుట్లు తిరగలేకపోతోంది. పోయిన వేగం చాలావరకు అక్కడే ఉంటుంది.

అందుకే ఏ బోల్టూ విప్పకముందు ఒక అంకె తెలియాలి. రోజూ ఎక్కేంత మందితో, రోజూ ఉండే సామానుతో, థ్రాటిల్ పూర్తిగా తీసినప్పుడు మోటారు ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అందుకుంటోంది? ప్రతి మోటారు పుస్తకంలోనూ ఫుల్ థ్రాటిల్ దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎం హద్దులు రాసుంటాయి. పాతకాలం 40 హెచ్‌పీ టూస్ట్రోక్‌కి అవి సాధారణంగా 4500 నుంచి 5500. ఇప్పటి ఫోర్‌స్ట్రోక్‌లు చాలావాటికి 5000 నుంచి 6000, కొన్నింటికి 5500 నుంచి 6000, ఇంకొన్ని అంతకన్నా పైకి పోతాయి. మూత మీద రాసిన హెచ్‌పీ ఆ హద్దుల పైభాగంలోనే పుడుతుంది. 4900 దగ్గర ఆగిపోయే ఫోర్‌స్ట్రోక్ పేరుకే 40, నీళ్లలోకి దిగేది అంతకంటే బాగా తక్కువ.

చుట్లు అందకపోవడం వేగానికే కాదు, ఇంజనుకీ చెరుపే. థ్రాటిల్ నిండా తెరిచి ఉన్నా చుట్లు పెరగకపోతే సిలిండర్ల మీద భారం పడుతుంది, వేడి పెరుగుతుంది, నాకింగ్ వస్తుంది, మసి పేరుకుంటుంది. ఎక్కువ గేరులో గుట్ట ఎక్కిస్తున్న బండి లాంటిదే అది. దీనికి అవతలి కొస కూడా ఉంది. ప్రొపెల్లర్ మరీ తేలికైతే మోటారు రెవ్ లిమిటర్‌ని, అంటే చుట్లు హద్దు దాటకుండా ఆపే ఏర్పాటుని, కొట్టి తడబడుతూ ఉంటుంది. ఒంటరిగా వెళ్లినప్పుడు హద్దుల పై అంచుకి దగ్గరగా, నిండా ఎక్కించినప్పుడు కనీసం మధ్య భాగంలో ఉండేలా కుదుర్చుకోవడం మంచిది.

పరీక్ష చేసే తీరు కూడా ముఖ్యమే. అల తక్కువగా ఉన్న నీళ్లు, సగం ట్యాంకు పెట్రోలు, చేతిలో జీపీఎస్. నీళ్ల ఒత్తిడితో పనిచేసే పాత స్పీడోమీటరును ఈ పనికి నమ్మకండి. ఒకవైపు ఫుల్ థ్రాటిల్‌లో 20, 30 సెకన్లు నడిపి ఆర్‌పీఎం, వేగం రాసుకోండి. వెంటనే అదే దారిన వెనక్కి వచ్చి మళ్లీ రాసుకోండి. రెండిటి సగటే అసలు వేగం, ఎందుకంటే నీటి వాలూ గాలీ ఒక దిక్కున సాయం చేసి రెండో దిక్కున అడ్డుపడతాయి. ఆ పూట పడవలో ఎంతమంది ఉన్నారు, ఎంత సామాను ఉంది అన్నదీ అదే కాగితం మీద ఉండాలి. ఏదైనా ఒక్క మార్పు చేసిన తర్వాత మళ్లీ ఇదే పరీక్ష. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మోటారు కొత్తదైతే ముందు దాని రన్నింగ్-ఇన్ పూర్తి కానివ్వాలి. సాధారణంగా ఇది 10 గంటలు. మొదటి గంట సగం థ్రాటిల్ లోపు, తర్వాత కొద్దికొద్దిగా పెంచుతూ, చివరి గంటల్లో కూడా ఫుల్ థ్రాటిల్‌ని కొద్ది నిమిషాలకు మించి పట్టకుండా. మీ మోటారుకు అచ్చమైన క్రమం దాని పుస్తకంలో ఉంటుంది, దాన్నే పాటించండి. రింగులు సర్దుకోకముందు తీసుకున్న అంకెల మీద ప్రొపెల్లర్ కొంటే, 20 గంటల తర్వాత ఇంకొకటి కొనాల్సి వస్తుంది.

మీటరు చెప్పేది నిజమేనా

చాలామంది దాటేసే చోటు ఇది. ఆర్‌పీఎం మీటరు లెక్కపెట్టేది ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి వచ్చే పల్సులు. ఒక్కో మోటారు ఆల్టర్నేటర్‌లో పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) సంఖ్య ఒక్కోలా ఉంటుంది. మీటరు వెనకవైపు చిన్న తిప్పుడు స్విచ్ ఉంటుంది, దాన్ని కొత్త మోటారు పోల్స్‌కి తగ్గట్టు పెట్టాలి. డ్యాష్‌బోర్డులో పాత మీటరునే ఉంచి, 12 పోల్స్‌కి పెట్టిన ఆ స్విచ్‌ని మార్చకుండా 10 పోల్స్ మోటారు తగిలించారనుకోండి. మీటరు అసలు అంకెలో ఆరింట అయిదు వంతులే చూపిస్తుంది. ఇంజను 6000 తిరుగుతుంటే సూది 5000 దగ్గర నిలబడుతుంది. మోటారుకి చుట్లు అందడం లేదనుకుని ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి అది ముందుకి పోవాల్సిన దూరం) తగ్గిస్తే, అప్పటికే నిండుగా తిరుగుతున్న ఇంజనుని లిమిటర్‌లోకి తోసినట్టవుతుంది. స్విచ్ ఏ అంకె దగ్గర ఉందో చూడండి. అనుమానం తీరకపోతే ప్లగ్ వైరుకి తగిలించే చేతి ఆర్‌పీఎం మీటరుతోనో, మోటారు కంప్యూటర్‌కి తగిలించే డయాగ్నొస్టిక్ పరికరంతోనో సరిచూడండి.

థ్రాటిల్ నిండా తెరుచుకుంటోందా

లీవరు చివరిదాకా తోసినంత మాత్రాన ఇంజను దగ్గర థ్రాటిల్ నిండా తెరుచుకున్నట్టు కాదు. పాత కంట్రోల్ బాక్స్, పాత కేబుల్ మిగిల్చుకున్న పడవల్లో ఇది మరీ ఎక్కువ. మూత తీసి, ఇంజను ఆపి, కిల్ స్విచ్ లాన్‌యార్డ్ (పీకితే ఇంజను ఆగిపోయే తాడు) పీకేసి చూడాలి. ఆగిన ఇంజనులో గేరు పడటానికి ఒకరు ప్రొపెల్లర్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పుతుంటే ఇంకొకరు లీవరుని ముందుకి పూర్తిగా తోయాలి. ఇప్పుడు ఇంజను పక్కన ఉన్న థ్రాటిల్ ఆర్మ్‌ని చూడండి. అది వెళ్లి తన స్టాపర్‌కి ఆనుకోవాలి. వేలితో నెడితే ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు కదిలిందంటే, ఆ కదలికంతా మీకు దక్కని పవరే.

కేబుల్ కొసన మరలున్న బ్యారెల్‌ని తిప్పి పొడవు సర్దాలి. ముందు గేరు కేబుల్, ఆ తర్వాతే థ్రాటిల్ కేబుల్. సర్దాక లీవరుని న్యూట్రల్‌కి తెచ్చి, ఆర్మ్ ఐడిల్ స్టాపర్‌కి కూడా తాకుతోందో లేదో చూడండి. పై కొస కోసం లాగితే కింది కొస వదులయ్యే ప్రమాదం ఉంది, అప్పుడు ఐడిల్ పెరిగి గేరు గట్టిగా పడుతుంది. రెండు కొసలూ కుదరకపోతే ఆ బాక్స్ కేబుల్‌ని లాగే దూరం ఈ మోటారుకి సరిపోదన్న మాట. బాక్స్ మార్చాల్సిందే. కేబుల్ లోపల తుప్పు పట్టి బిగుసుకుంటుంటే నూనె పోస్తూ కూర్చోకండి, కొత్తది వేయండి.

పెట్రోలు దారి సంగతి. ఫుల్ థ్రాటిల్‌లో మొదట చుట్లు బాగా వచ్చి, ఒక నిమిషం తర్వాత మెల్లగా పడిపోతుంటే, ఆ పడిపోతున్న సమయంలోనే పక్కనున్న వాళ్లు ప్రైమర్ బల్బుని (పెట్రోలు గొట్టం మధ్యలో ఉండే రబ్బరు ఉండని) పిసికి చూడాలి. పిసికిన వెంటనే చుట్లు లేస్తే ఇంజనుకి పెట్రోలు చాలడం లేదు. బల్బు చప్పబడిపోయి ఉంటే అడ్డు ట్యాంకువైపు ఉంది. ట్యాంకులోకి గాలి పోనిచ్చే మర తెరవకపోవడం, ట్యాంకు మీది యాంటీ సైఫన్ వాల్వ్ (పెట్రోలు దానంతటదే కారకుండా ఆపేది) బిగుసుకోవడం, నీళ్లు వేరుచేసే ఫిల్టర్ నిండిపోవడం, పాత గొట్టం లోపలి పొర ఊడి మూసుకుపోవడం, ఇవే మామూలు కారణాలు. మోటారు పెద్దదైనప్పుడు పాత 8 మిల్లీమీటర్ల గొట్టం చాలకపోవచ్చు. పుస్తకం 10 మిల్లీమీటర్లు అడిగితే బల్బు, కనెక్టర్లు, ఫిల్టర్ తలతో సహా అంతా ఆ కొలతకే మార్చాలి. మధ్యలో ఒక్క సన్నటి ముక్క మిగిలినా దారంతా అంత సన్నమే. ఇంకో మాట. టూస్ట్రోక్ కోసం నూనె కలిపిన పెట్రోలు ట్యాంకులో మిగిలి ఉంటే, ఫోర్‌స్ట్రోక్‌కి గొట్టం తగిలించే ముందు దాన్ని పూర్తిగా ఖాళీ చేయండి.

చుట్లు పెరగకుండా ఏ రెండు మూడు వేల దగ్గరో కట్టేసినట్టు ఆగిపోయి బీప్ మోగుతుంటే అది వేగం సమస్యే కాదు. వేడెక్కడమో, నూనె ఒత్తిడి తగ్గడమో కనిపెట్టి మోటారు తనని తాను కాపాడుకుంటోంది. ఆపేయండి, కారణం తేల్చాకే మళ్లీ స్టార్ట్ చేయండి.

ఎత్తు: ఖర్చు లేకుండా వేగం వచ్చే చోటు

ప్రొపెల్లర్ కొనడానికి డబ్బు తీసేముందు మోటారు ఎత్తు చూడండి. నీళ్లలో మునిగిన గేర్‌కేస్ (ప్రొపెల్లర్‌ని తిప్పే గేర్లుండే గూడు), దాని పైన ఉండే కాలు, రెండూ బ్రేకు లాంటివే. మోటారుని ఒక అంగుళం పైకి లేపితే ఆ బ్రేకు అంత మేర తగ్గుతుంది. కొత్త మోటారు బిగించేవాళ్లు చాలామంది దాన్ని ట్రాన్సమ్ (మోటారు బిగించే పడవ వెనక గోడ) మీద అన్నిటికన్నా కింది రంధ్రంలో కూర్చోబెట్టి పని అయిపోయిందనుకుంటారు. అలా పెడితే ప్రొపెల్లర్ ఎప్పుడూ గాలి లాగదు, ఫిర్యాదు రాదు, పడవ మాత్రం ఈడ్చుకుంటూ పోతుంది.

మోటారు కాలు పొడవు ట్రాన్సమ్ ఎత్తుకి సరిపోయిందా అన్నది మొదటి ప్రశ్న. షార్ట్ షాఫ్ట్ 15 అంగుళాల ట్రాన్సమ్‌కి, లాంగ్ 20కి, ఎక్స్‌ట్రా లాంగ్ 25కి. 15 అంగుళాల ట్రాన్సమ్ మీద లాంగ్ షాఫ్ట్ పెడితే అయిదంగుళాల కాలు ఊరికే నీళ్లలో ఈడుస్తూ ఉంటుంది. రంధ్రాలు మార్చి ఆ తేడా పూడ్చలేరు.

పొడవు సరిపోతే కొలత ఇలా. మోటారుని ట్రిమ్ చేసి, అంటే పడవ వైపుకో బయటికో వంచి, ప్రొపెల్లర్ పైనుండే అడ్డ ప్లేటు పడవ అడుగుకి సమాంతరంగా వచ్చేలా పెట్టండి. అందరూ కావిటేషన్ ప్లేట్ అని పిలిచేది ఇదే, అసలు అది గాలిని ఆపే ప్లేటు. వంకర లేని రెండు మీటర్ల చెక్కనో అల్యూమినియం పట్టీనో పడవ అడుగున, కీల్ (అడుగు మధ్య గీత) దగ్గర నడిమధ్యన ఆనించి వెనక్కి చాపండి. ఆ పట్టీ ప్లేటుకి ఎంత కింద, ఎంత పైన వచ్చిందో స్కేలుతో చూడండి. ప్లేటు అడుగుతో సమంగా ఉంటే మంచి మొదలు. ఒక అంగుళం పైన ఉన్నా చాలా పడవలకి బాగానే ఉంటుంది, తరచు అదే ఉత్తమం. పట్టీకి రెండంగుళాల కింద ఉంటే మీ వేగం కొంత అక్కడే పోతోంది.

బ్రాకెట్‌లో రంధ్రాల మధ్య దూరం సాధారణంగా 19 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. ఒక్కో రంధ్రం చొప్పున లేపుతూ, ఒక్కోసారీ పరీక్ష చేస్తూ పోవాలి. బరువున్న మోటారైతే లిఫ్టింగ్ రింగుకి చైన్ హాయిస్ట్ తగిలించి భారం దాని మీదికి తీసుకున్నాకే బోల్టులు వదులు చేయండి. క్లాంప్ మరలతో పట్టే చిన్న మోటారుకి రంధ్రాలు ఉండకపోతే, ట్రాన్సమ్ పై అంచున 15 నుంచి 20 మిల్లీమీటర్ల గట్టి చెక్కపట్టీ వేసి దాని మీద కూర్చోబెట్టవచ్చు. అప్పుడు కూడా క్లాంపు బిళ్లలు రెండూ ట్రాన్సమ్‌ని పూర్తిగా పట్టుకున్నాయో లేదో చూడాలి, అంచు మీద సగం పట్టుకుంటే చాలదు. పాత రంధ్రాలు పనికిరాకపోతే ఎపాక్సీతో పూడ్చండి. కొత్త బోల్టుల చుట్టూ మెరైన్ సీలెంట్ నిండుగా పట్టించండి. ప్లైవుడ్ గుండె ఉన్న ట్రాన్సమ్‌లోకి ఒక్క బోల్టు రంధ్రం నుంచి నీళ్లు దిగినా కొన్నేళ్లలో అది లోపలే కుళ్లిపోతుంది. ఇంత దూరం వచ్చారు కాబట్టి, గేర్‌కేస్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపుతూ ట్రాన్సమ్ వంగుతోందేమో గమనించండి. వంగితే వేగం సంగతి పక్కనపెట్టి ముందు ట్రాన్సమ్ బాగుచేయించాలి. ఫోర్‌స్ట్రోక్ పాతదానికంటే తరచు 20 కిలోల పైనే బరువెక్కువ ఉంటుంది.

ఎత్తు ఎక్కువైందని పడవే చెబుతుంది. మలుపు తిప్పగానే ఇంజను ఉన్నట్టుండి కేక పెట్టి చుట్లు ఎగబాకుతాయి, తోపు పోతుంది. ప్రొపెల్లర్ పైనుంచి గాలి లాగేసుకోవడం అది. వేగంగా పోతున్నప్పుడు వెనక కూర్చున్న మనిషి కింద పడకుండా పట్టుకుని తొంగి చూస్తే, ప్లేటు నీటి పైపొరని రాసుకుంటూ పోవాలి. నీళ్లు కాలు మీదికి ఎగదన్ని చిమ్ముతుంటే మోటారు ఇంకా కిందనే ఉంది. లేపిన ప్రతిసారీ చల్లబరిచే నీటి ధార గట్టిగా వస్తోందా అన్నది తప్పకుండా చూడండి. నీళ్లు పీల్చే జాలీలు గాలిలోకి వచ్చాయంటే, దొరికిన రెండు కిలోమీటర్ల వేగానికి బదులు ఇంజను కాలిపోతుంది.

గాలి లాగడానికి ఎత్తే కారణం కానక్కర్లేదు. ఫిష్ ఫైండర్ సెన్సారుని సరిగ్గా ప్రొపెల్లర్‌కి ఎదురుగా బిగిస్తే, దాని వెనక పుట్టే నురగ నేరుగా రెక్కల్లోకి పోతుంది. అలాంటప్పుడు మోటారు దించకండి, సెన్సారుని పక్కకి జరపండి.

ప్రొపెల్లర్: పిచ్ తగ్గిస్తే వేగం పెరగడం

పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే, మెత్తటి చెక్కలోకి మర దిగినట్టు, ఎన్ని అంగుళాలు ముందుకి పోవాలో ఆ కొలత. హబ్ (రెక్కలు అతికి ఉండే నడిమి భాగం) మీద 11 3/8 × 12 అని ఉంటే మొదటిది వ్యాసం, రెండోది పిచ్. నీళ్లు చెక్క కాదు కాబట్టి కొంత జారుతుంది, దాన్నే స్లిప్ అంటారు. వేగంలో నీటి పైకి లేచి తేలి పరిగెత్తే పడవల్లో అది 10 నుంచి 20 శాతం మధ్య ఉండటం మామూలు.

లెక్క ఇదీ. ఆర్‌పీఎంని గేర్ రేషియోతో (ప్రొపెల్లర్ ఒక చుట్టుకి ఇంజను తిరిగే చుట్లతో) భాగించి, పిచ్ అంగుళాలతో గుణించి, దాన్ని 0.001524తో గుణిస్తే జారుడు లేకుండా రావాల్సిన వేగం గంటకి కిలోమీటర్లలో వస్తుంది. జీపీఎస్ వేగానికీ దీనికీ తేడా ఎంత శాతమో అదే స్లిప్.

లెక్క కోసం ఒక పడవ అనుకుందాం. పాత మోటారు 5200 చుట్లు, రేషియో 2.00, పిచ్ 13. ఉత్త లెక్కలో 51.5 రావాలి. జీపీఎస్ 44 చూపించింది. స్లిప్ సుమారు 14.5 శాతం. ఇప్పుడు అదే రేషియో, అదే పిచ్ ఉన్న కొత్త ఫోర్‌స్ట్రోక్ 4900 మాత్రమే అందుకుని 40 ఇస్తోంది. లెక్క వేగం 48.5, స్లిప్ 17.5 శాతం. ఈ అంకెలు రెండు సంగతులు చెబుతున్నాయి. స్లిప్ పెరిగింది కాబట్టి వెనక బరువో, మోటారు లోతో పడవని ఈడుస్తోంది. చుట్లు పడిపోయాయి కాబట్టి ఈ ఇంజనుకి 13 పిచ్ బరువైంది. ఎత్తు సర్ది స్లిప్‌ని పాత స్థాయికి తెచ్చి, 12 పిచ్‌తో 5500 అందుకోగలిగితే లెక్క వేగం 50.3, అందులో 14.5 శాతం తీసేస్తే 43. పిచ్ ఒక అంగుళం తగ్గింది, వేగం మూడు కిలోమీటర్లు పెరిగింది. ఎక్కువ పిచ్ అంటే ఎక్కువ వేగం అన్న మాట ఇంజను దాన్ని తిప్పగలిగినంత వరకే నిజం.

ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతాయి, పెంచితే అంతే తగ్గుతాయి. హద్దుల్లో మీరు ఎక్కడున్నారో, ఎక్కడ ఉండాలో తేడా చూసుకుని దానితో భాగిస్తే ఎన్ని అంగుళాలు మార్చాలో తెలుస్తుంది. రెక్కల వెనక అంచుని కాస్త లోపలికి వంచే కప్పింగ్ ఉన్న ప్రొపెల్లర్ దాదాపు ఒక అంగుళం పిచ్ ఎక్కువున్నట్టు నడుచుకుంటుంది, దాన్ని లెక్కలో వేసుకోండి.

గేర్ రేషియో మారితే పాత పిచ్ అంకె అసలు పనికిరాదు. ఒకే 60 హెచ్‌పీ మోటారు కొన్ని కంపెనీల్లో మామూలు గేర్‌కేస్‌తోనూ, పెద్ద గేర్‌కేస్‌తోనూ దొరుకుతుంది. ఒకదానికి 1.83, ఇంకొకదానికి 2.33. పాత మోటారు 1.83 రేషియోతో 13 పిచ్ తిప్పుతూ 5200 చుట్లు తిరిగిందనుకోండి. కొత్తది 2.33, దాన్ని 5750 దగ్గర నడపాలి. 13ని 2.33తో గుణించి 1.83తో భాగిస్తే 16.5. దాన్ని 5200తో గుణించి 5750తో భాగిస్తే 15. మొదటగా ప్రయత్నించాల్సింది 15 పిచ్. పెద్ద గేర్‌కేస్ పెద్ద వ్యాసం ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. బరువులు మోసే పడవకి అది వరం, తేలికపాటి పడవకి మాత్రం ఆ లావుపాటి కాలు నీళ్లలో అదనపు బ్రేకు. ఒంటరిగా వేగంగా పోవడమే మీ పని అయితే మామూలు గేర్‌కేసే తీసుకోండి.

అల్యూమినియమా, స్టీలా? భారం పడితే అల్యూమినియం రెక్కలు కొద్దిగా వంగుతాయి. స్టీలు రెక్కలు సన్నగా ఉండి కూడా వంగవు, అందుకే పైవేగంలో కొంచెం మెరుగు. కానీ పిచ్ తేలకముందే స్టీలు కొనడం తొందరపాటు. ముందు అల్యూమినియంతో సరైన పిచ్ తేల్చుకుని ఆ తర్వాత కొనండి. రాళ్లున్న తక్కువ లోతు నీళ్లలో తిరిగే వాళ్లకి అల్యూమినియమే మేలు. రాయి తగిలితే రెక్క పోతుంది, లోపలి షాఫ్టూ గేర్లూ బతికే అవకాశం ఎక్కువ. నాలుగు రెక్కలది పట్టు బాగా ఇస్తుంది, త్వరగా తేలుస్తుంది, మలుపుల్లో గాలి తక్కువ లాగుతుంది. పైవేగం సాధారణంగా మూడు రెక్కల దానిదే.

ఇంకో దొంగ దెబ్బ ఉంది. హబ్‌లో ఉండే రబ్బరు బుష్ జారిపోవడం. నెమ్మదిగా పోతున్నప్పుడు అంతా బాగుంటుంది, థ్రాటిల్ తీయగానే ఇంజను చుట్లు ఎగిరిపోతాయి, పడవ మాత్రం కదలదు. గాలి లాగుతోందనుకుని ఎత్తు దించుకుంటూ పోతారు. పరీక్ష తేలిక. ప్రొపెల్లర్ వెనక వైపు, లోపలి ఇత్తడి గొట్టం మీదినుంచి రబ్బరు దాటి బయటి హబ్ దాకా ఒకే తిన్నటి గీత పెయింటుతో గీయండి. ఒకసారి గట్టిగా నడిపి వచ్చి చూడండి. లోపలి గీత ఒక చోట, బయటి గీత ఇంకో చోట ఉంటే బుష్ పోయినట్టే.

బిగించేటప్పుడు ముందు లాన్‌యార్డ్ పీకండి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. రెక్కకీ ప్లేటుకీ మధ్య చెక్క దిమ్మ పెడితే నట్టు తిప్పినప్పుడు ప్రొపెల్లర్ తిరగదు, చెయ్యి తెగదు. షాఫ్ట్ మీద చేపల గాలపు దారం చుట్టుకుని ఉందేమో చూసి తీసేయండి. అది ఆయిల్ సీలుని కోసేస్తుంది. షాఫ్ట్ పళ్ల మీద మెరైన్ గ్రీజు రాసి, థ్రస్ట్ వాషర్‌ని దాని దిక్కు తప్పకుండా ముందు ఎక్కించి, ప్రొపెల్లర్, స్పేసర్, వాషర్, నట్టు వరసగా వేయండి. నట్టు బిగింపు పుస్తకంలో చెప్పినంత. కాటర్ పిన్ రంధ్రం కుదరకపోతే నట్టుని వదులు చేయకుండా ఇంకొంచెం బిగించి కుదర్చండి. పాత కాటర్ పిన్ మళ్లీ వాడకండి.

బరువు, ట్రిమ్, అడుగు

వెనక పెరిగిన ఆ 20 కిలోల మాట మర్చిపోకూడదు. బ్యాటరీని, పెట్రోలు ట్యాంకుని ముందుకి జరిపితే ఆ భారం సర్దుకుంటుంది. 25 లీటర్ల పెట్రోలే దాదాపు 18 కిలోలు. ట్యాంకు జరిపితే గొట్టం పొడవు పెరుగుతుంది, అది నలగకుండా పోయే దారి చూసుకోండి. టిల్లర్ (మోటారుకే ఉండే చేతి హ్యాండిల్) పట్టుకుని నడిపే పడవల్లో నడిపే మనిషే వెనక మూల కూర్చుంటాడు, అక్కడే ఇంకో 70 కిలోలు. హ్యాండిల్‌కి పొడిగింపు గొట్టం వేసుకుని ఒక బల్ల ముందుకి జరిగితే, తేలికపాటి పడవ ఎంత త్వరగా తేలుతుందో వెంటనే తెలుస్తుంది. కిల్ స్విచ్ లాన్‌యార్డ్ ఆ దూరానికి అందేలా ఉండాలి, ఈ మాటలో రాజీ లేదు.

ట్రిమ్ పూర్తిగా లోపలికి ఉంటే ముక్కు నీళ్లలో దున్నుతుంది, పడవ అడుగంతా తడిగా రాసుకుంటుంది. వేగం అందుకున్నాక కొద్దికొద్దిగా బయటికి తీయండి. ముక్కు లేస్తుంది, చుట్లు పెరుగుతాయి, వేగం పెరుగుతుంది. ముక్కు గుర్రంలా ఎగిరెగిరి పడటం మొదలైనా, గాలి లాగడం మొదలైనా ఒక్క పిసరు లోపలికి. పవర్ ట్రిమ్ లేని మోటారుకి బ్రాకెట్ కింద పిన్ను ఉంటుంది. దాన్ని ఒక్కో రంధ్రం మారుస్తూ ఇదే పరీక్ష చేయాలి, ఇంజను ఆపి. కొత్త మోటారు వచ్చిన పిన్ను రంధ్రంలోనే ఏళ్ల తరబడి ఉండిపోయే పడవలు ఎన్నో. స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంటే ప్లేటు కింద ఉన్న చిన్న రెక్క వెనక అంచుని పడవ లాగుతున్న పక్కకే కొద్దిగా తిప్పి బిగించండి.

ఒడ్డుకి లాగినప్పుడు అడుగు చూడండి. నాచు, గుల్లలు పట్టిన అడుగుకి ఏ ప్రొపెల్లరూ సాయం చేయలేదు. తర్వాత ఆ రెండు మీటర్ల పట్టీనే వెనక భాగంలో ముందు నుంచి ట్రాన్సమ్ దాకా ఆనించండి. ట్రాన్సమ్ దగ్గర అంచు కిందికి దిగి, దానికి ముందు పట్టీకీ అడుగుకీ మధ్య సందు కనిపిస్తే దాన్ని హుక్ అంటారు. అది ముక్కుని నీళ్లలోకి నొక్కుతుంది, మూడు మిల్లీమీటర్ల హుక్ కూడా పరుగులో తెలుస్తుంది. ట్రెయిలర్ మీద పడవ వెనక భాగానికి ఆసరా లేకుండా నెలల తరబడి నిలబెట్టినప్పుడు ఇలాంటి వంకరలు వస్తాయి. డబుల్ బాటమ్ (రెండు పొరల అడుగు) ఉన్న పాత పడవల్లో లోపలి ఫోమ్ నీళ్లు పీల్చి బరువెక్కడం ఇంకో కారణం. ట్రెయిలర్‌తో సహా కాటా వేయించి, ట్రెయిలర్ బరువు తీసేసి, కంపెనీ చెప్పిన బరువుతో పోల్చితే సంగతి బయటపడుతుంది.

ఎంత ఆశించాలి

తేలి పరిగెత్తే పడవలో వేగం హెచ్‌పీకి సరిసమానంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. 40 నుంచి 50 హెచ్‌పీకి పోతే, అంటే పాతిక శాతం పెంచితే, వేగం పెరిగేది సుమారు 12 శాతమే. అందుకే ఎత్తూ పిచ్ కుదర్చడంలో దొరికే మూడు నాలుగు కిలోమీటర్లని చిన్నచూపు చూడకండి, అది ఆ పది హెచ్‌పీలో చాలా భాగమంత విలువైంది. నీళ్లని చీల్చుకుంటూ పోయే బరువైన, తేలని పడవల సంగతి వేరు. వాటి వేగానికి హద్దు నీటిమట్టం దగ్గరి పొడవే. ఆ పొడవు మీటర్లలో వర్గమూలం కట్టి 2.43తో గుణిస్తే నాట్లలో వస్తుంది. 6 మీటర్లకి దాదాపు 6 నాట్లు, అంటే గంటకి 11 కిలోమీటర్లు. అక్కడ మోటారు రెట్టింపు చేసినా పెద్ద అలలే మిగులుతాయి.

పాత మోటారు మరీ పాతదైతే హెచ్‌పీ కొలిచే చోటు కూడా మారింది. 1980ల మధ్య దాకా చాలా ఔట్‌బోర్డులకి క్రాంక్‌షాఫ్ట్ దగ్గర కొలిచిన అంకె వేసేవారు, ఆ తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర కొలుస్తున్నారు. గేర్లలో పోయే పవర్ ఇప్పటి అంకెలో ముందే తీసేసి ఉంటుంది. అందువల్ల అప్పటి 40 కంటే ఇప్పటి 40 నీళ్లలోకి ఎక్కువ దించగలదు. దాని వేగం పాతదానికంటే తగ్గిందంటే పైన చెప్పిన వాటిలో ఏదో ఒకటి కుదరలేదనే.

పడవ మీద తయారీదారు రాసిన గరిష్ఠ హెచ్‌పీని దాటకండి. అది ట్రాన్సమ్ బలాన్నీ, మలుపులో పడవ నిలకడనీ చూసి పెట్టిన హద్దు.

పిచ్ తేలాక, అదే కొలత ప్రొపెల్లర్ ఇంకొకటి, దానితోపాటు నట్టు, వాషర్లు, రెండు కాటర్ పిన్నులు, సరిపోయే పానా, చెక్క దిమ్మ ఒక సంచిలో కట్టి సీటు కింద ఉంచండి. పళ్ల లెక్క కలిస్తే పాత ప్రొపెల్లర్‌నే దానికి వాడవచ్చు, కాకపోతే అది వేసుకున్నప్పుడు ఫుల్ థ్రాటిల్ జోలికి పోకుండా ఒడ్డు చేరండి. ఒక రెక్క అంచు కాస్త మడత పడినా వణుకు మొదలై చుట్లు పడిపోతాయి. నెలకోసారి అంచుల మీద వేలు నడిపి చూడండి. గరుకు తగిలితే సన్నటి ఆకురాయితో తీసేయండి, వంగితే వర్క్‌షాపుకి ఇచ్చి పిచ్ బ్లాకు మీద సరిచేయించండి.